బావగారి సూది

నా కుడి మోకాలిలో చీము పట్టి ఏడు నెలలు దాటింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. కొంచెం కుంటు ఉంది. మెట్లు ఎక్కుతాను, దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటాను. ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే "ఏదో ఇన్ఫెక్షనండి, తగ్గిపోయింది" అని మాట దాటేసేదాన్ని. మొన్న మా చర్చిలో ఒకావిడ, "మోకాళ్ళ నొప్పులకి మా ఊళ్ళో ఒకాయన సూది వేస్తాడట, ఆదివారం వెళ్ళొస్తా" అంది. అప్పుడు దాటెయ్యలేకపోయాను. ఆవిణ్ణి వరండాలో కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పాను. చెప్పాక నాకే కాస్త తేలికైంది. ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు సునీత. విజయవాడలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా జువాలజీ చెబుతున్నాను. రోజుకి ఆరు క్లాసులు, అన్నీ నిలబడే, అన్నీ మూడో అంతస్తులోనే. కీళ్ళ పాఠం వచ్చినప్పుడు మాంసం కొట్టతనికి ముందే చెప్పి మేక మోకాలి కీలు విడదీయకుండా తెప్పించేదాన్ని. క్లాసులో కోసి చూపించేదాన్ని. ఎముక చివర తొడుగులా ఉండే మృదులాస్థి, అదే కార్టిలేజ్, లేత కొబ్బరిలా తెల్లగా మెరుస్తుంది. వేలు పెడితే జారిపోతుంది. కీలు లోపలి ద్రవం కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. "ఈ కార్టిలేజ్‌కి రక్తనాళాలు ఉండవు. దెబ్బ తింటే మళ్ళీ పెరగదు. రాసుకోండి" అనేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్ళు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది. అంతకుమించి ఆ వాక్యం గురించి నేనూ ఎప్పుడూ ఆలోచించలేదు.

రెండేళ్ళుగా మోకాలు నొప్పిగానే ఉండేది. ఎక్స్‌రే తీసిన డాక్టరు అరుగుదల మొదలైందని, బరువు తగ్గమని, తొడ కండరాలకి వ్యాయామం చెయ్యమని చెప్పాడు. రెండూ చెయ్యలేదు. పొద్దున్నే లేచి క్యారేజీలు కట్టి, ఆటో పట్టుకుని పరిగెత్తే ఆడదానికి వ్యాయామం ఎప్పుడు కుదురుతుంది అనుకున్నాను. ఇప్పుడు రోజూ కుదురుతోంది.

జూలై, మొదటి శనివారం

కంకిపాడు దగ్గర ఒక ఊళ్ళో మా బావగారు, అంటే మా ఆయన ప్రభాకర్ గారి అన్నయ్య, దేవదానం గారు ఉంటారు. ఆర్.ఎం.పీ. వైద్యం చేస్తారు. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఎవరికి జ్వరం వచ్చినా, కాన్పు నొప్పులు మొదలైనా, పాము కరిచినా ముందు ఆయన గుమ్మం దగ్గరికే వస్తారు. మా మామగారు పోయినప్పుడు మా ఆయనకి పదకొండేళ్ళట. చదివించిందీ, రైల్వే పార్శిల్ ఆఫీసులో ఉద్యోగం వచ్చేదాకా సాకిందీ, నన్ను చూసి సంబంధం మాట్లాడిందీ అన్నీ బావగారే. మా ఇంట్లో ఆయన మాటకి ఎదురు ఉండదు.

ఆ రోజు వాళ్ళింట్లో కృతజ్ఞత కూటం. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక భోజనాలు డాబా మీద పెట్టారు. నేను మెట్ల దగ్గర ఆగిపోవడం బావగారు చూశారు.

"ఏందమ్మా, ఎక్కలేకపోతన్నావా? ఎన్నాళ్ళ నుంచి?"

"పర్లేదు బావగారూ, అలవాటైపోయింది."

"అలవాటు చేసుకోటమేంటి? దా, ఒక్క స్టెరాయిడ్ సూది. సోమవారానికి పరిగెత్తుతావు."

ముందు గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. కొత్త సిరంజి కవరు నా ముందే చించారు. దూది స్పిరిట్‌లో ముంచి మోకాలు తుడిచారు. తర్వాత, సూది ఎక్కడ దించాలో చూసుకోవడానికి, తుడిచిన చోటే వేలు పెట్టి నొక్కారు. అంతకుముందు ఆ చేత్తోనే ఎవరికో చేయి కలిపి, గది తలుపు గొళ్ళెం తీశారు. గ్లౌజులు లేవు.

అది నేను చూశాను. సూక్ష్మజీవుల పాఠం చెప్పేదాన్ని, నాకు తెలియనిది కాదు. "బావగారూ, ఇంకోసారి తుడవండి" అంటే సరిపోయేది. అనలేదు. అంతమంది బంధువులు పక్కగదిలో ఉండగా ఆయనకి నేను చెప్పడమేమిటనిపించింది. సూది దిగింది.

సోమవారం నిజంగానే మూడంతస్తులు ఆగకుండా ఎక్కాను. స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకున్నాను కూడా.

మంగళవారం నుంచి శనివారం దాకా

మంగళవారం సాయంత్రం బోర్డు మీద రాస్తుంటే మోకాలిలో సలపరం మొదలైంది. ఇంటికొచ్చేసరికి కాలు వేడెక్కింది. బుధవారం పొద్దున మోకాలి చిప్ప కనిపించకుండా వాచింది. వణుకుతో జ్వరం. మా ఆయన బావగారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"రియాక్షన్‌రా అది. మందు లోపల పనిచేస్తంటే ఒక్కోళ్ళకి అట్టా పొంగిద్ది. మాత్రలు పంపిస్తన్నా. రెండ్రోజుల్లో తగ్గిద్ది."

తెలిసినవాళ్ళ చేత ఆ మధ్యాహ్నానికే మాత్రలు పంపించారు. వేసుకుంటే జ్వరం దిగేది, మళ్ళీ ఎక్కేది. గురువారం కాలు మడవలేకపోయాను. శుక్రవారం, నా మీద కప్పిన దుప్పటి కదిలినా కేక పెట్టాను. ఇది రియాక్షన్ కాదని నాకు లోపల తెలుస్తూనే ఉంది. కీలులో క్రిములు పడితే అవి కార్టిలేజ్‌ని తినెయ్యడానికి ఎన్నో రోజులు పట్టదని చదివాను. ఎక్కడ చదివానో, ఎన్ని రోజులని చదివానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తూ మంచంలో పడుకున్నాను. పుస్తకం పక్క అలమరాలోనే ఉంది. తీసి చూసే ధైర్యం లేదు.

శనివారం పొద్దున బాత్రూముకి వెళ్ళబోయి పాదం నేలకి ఆనించగానే కళ్ళు తిరిగి గోడకి జారిపోయాను. మా అమ్మాయి జెస్సీ పదో తరగతి. నన్ను పట్టుకుని కూర్చోబెట్టి వాళ్ళ నాన్న వైపు తిరిగింది.

"డాడీ, పెదనాన్న రెండు రోజులన్నారు. ఇవాళ్టికి ఎన్ని రోజులైందో మీరే లెక్కపెట్టండి."

మా ఆయన ఆటో పిలిచారు.

బందరు రోడ్డు మీద ఒక్కో గుంతకీ ప్రాణం పోయి వస్తోంది. జెస్సీ నా కాలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బెంజ్ సర్కిల్ దాటాక మా ఆయన నా చెవి దగ్గరగా వంగారు.

"సూది సంగతి అక్కడ చెప్పకు."

నేను ఆయన మొహం చూశాను.

"ఈమధ్య ఆర్.ఎం.పీ.ల మీద తనిఖీలు జరుగుతున్నాయంట. కేసు అయితే అన్నయ్య ఈ వయసులో తట్టుకోలేడు. ఎలాగూ వాళ్ళు టెస్టులు చేస్తారు కదా, ఏం జబ్బో వాళ్ళకే తెలిసిపోతుంది."

నేను సరేనన్నాను. నొప్పిలో అన్నానని చెప్పుకోవచ్చు గాని, అది నిజం కాదు. నాకూ బావగారి మీద అదే భయభక్తి.

శనివారం, ఆసుపత్రి

సూర్యారావుపేటలో ఎముకల ఆసుపత్రి అది. హాలు నిండా ఎక్స్‌రే కవర్లు పట్టుకున్న జనం. టోకెన్ నంబర్లు పిలుస్తున్నారు. నాకు కుర్చీ దొరికింది గాని కాలు చాపడానికి చోటు లేదు. ఎదురుగా నాట్లు వేసే కూలీలాగా కనిపించే ఒకావిడ కూర్చుని ఉంది. రెండు మోకాళ్ళకీ ఏదో పసరు కట్టుకుని ఉంది. నన్ను ఒక్క క్షణం చూసి లేచింది, తన కుర్చీ నా ముందుకి జరిపింది.

"కాలు దీని మీద పెట్టుకోమ్మా."

"మీకు?"

"నాకు నిలబట్టం అలవాటేలే."

దాదాపు గంటసేపు ఆవిడ గోడకి ఆనుకుని నిలబడే ఉంది. తన నంబరు పిలిచినప్పుడు వెళ్తూ నా తలమీద చెయ్యి వేసి వెళ్ళింది. ఆవిడ పేరు కూడా అడగలేదు నేను.

డ్యూటీ డాక్టరు చిన్న వయసు అమ్మాయి, డాక్టర్ నస్రీన్. మోకాలి మీద చెయ్యి ఆనించీ ఆనించకుండానే ఆమె మొహం మారింది.

"ఈమధ్య ఈ మోకాలిలో ఇంజెక్షన్ ఏమైనా చేయించుకున్నారా అండీ?"

మా ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు.

"లేదండి" అన్నాను.

"యాంటీబయాటిక్స్ ఏమైనా వాడారా?"

"లేదండి. పారాసెటమాల్ అంతే."

జెస్సీ నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. ఆ పిల్లకి అబద్ధం ఆడొద్దని చిన్నప్పటి నుంచీ నేర్పినదాన్ని నేనే.

రక్తం తీశారు. తర్వాత మోకాలికి మత్తు ఇచ్చి ద్రవం లాగారు. తల తిప్పుకోమన్నారు గాని నేను సిరంజి వైపే చూస్తున్నాను. తెల్లసొనలా ఉండాల్సింది, పాచిపోయిన గంజిలా వచ్చింది. చిక్కగా, పచ్చగా.

పెద్ద డాక్టరుగారు వచ్చి చూశారు. "యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే వాపులో కూడా ద్రవం ఇలా ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ అయితే మాత్రం ఆగకూడదు. ఇంజెక్షన్ లేదంటున్నారు, షుగరూ లేదు. ల్యాబ్ రిపోర్టు రానివ్వండి, దాన్నిబట్టి నిర్ణయిద్దాం" అన్నారు. నన్ను వార్డులో చేర్చారు. మా ఆయన, జెస్సీ భోజనానికి క్యాంటీన్‌కి దిగారు.

వాళ్ళు లిఫ్టు ఎక్కిన కాసేపటికే డాక్టర్ నస్రీన్ ఒక్కతే వచ్చింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీవాళ్ళు లేరు కదా అని వచ్చాను మేడమ్. ఇందాక నేను అడిగినప్పుడు మీ అమ్మాయి మీ వైపు చూసింది."

నేను దుప్పటి అంచు సరిచేసుకున్నాను.

"ఎవరు వేశారని అడగను. ఎవరి పేరూ రాయను. వేశారా లేదా అంతే. ఇప్పటికే మాత్రలు వాడి ఉంటే ల్యాబులో క్రిములు పెరగకపోవచ్చు. రిపోర్టులో ఏమీ లేదని వస్తే మేం వేరే జబ్బనుకుని ఇంకో రెండు రోజులు పోగొడతాం. ఆ రెండు రోజులూ మీ కార్టిలేజ్‌కి లేవు."

నాకు ఏడుపు ఆగలేదు. "వారం అయిందమ్మా. మోకాలిలోనే వేశారు. స్టెరాయిడ్ అన్నారు" అన్నాను. పర్సులోంచి మాత్రల పట్టీ తీసి ఇచ్చాను. ఆమె దాని వెనక్కి తిప్పి చదివింది, లేచి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

అరగంటలో అంతా మారిపోయింది. సాయంత్రమే ఆపరేషన్ అన్నారు. మోకాలికి చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా పంపి, లోపలంతా కడుగుతారు. మా ఆయన క్యాంటీన్ నుంచి వచ్చేసరికి సంతకం కోసం కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. కేస్ షీటులో 'వారం క్రితం ఊళ్ళో మోకాలిలో ఇంజెక్షన్, ఆ తర్వాత యాంటీబయాటిక్ మాత్రలు' అని ఉంది. ఆయన అది చదివారు. నా వైపు చూశారు. పెన్ను అడిగి సంతకం పెట్టారు. 

ఆపరేషన్ గది

నడుముకి మత్తు ఇవ్వడంతో నేను మెలకువగానే ఉన్నాను. పెద్ద డాక్టరుగారిని ముందే అడిగాను, "నేను ఇరవై రెండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నానండీ, చూడనిస్తారా?" అని. "భయపడనంటే చూడండి" అని తెర నా వైపుకి కొంచెం తిప్పించారు.

భయపడ్డాను. తెర మీద కనిపిస్తున్నది నా లోపలిదని నమ్మడానికి కాసేపు పట్టింది. నీళ్ళు పారుతున్నాయి. మబ్బులాగా కమ్మినదంతా కొద్దికొద్దిగా కొట్టుకుపోయాక ఎముకల చివరలు కనిపించాయి. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు. అంచులు పాత గుడ్డ పీచుల్లాగా లేచి నీళ్ళలో ఊగుతున్నాయి. చీము అట్టలు అట్టలుగా ఊడి గొట్టంలోకి పోతోంది. ఒక పక్కన మాత్రం, బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్ద మేర, నేను క్లాసులో చూపించే కార్టిలేజ్ ఇంకా మెరుస్తూ ఉంది.

"అది బతికే ఉందా డాక్టరుగారూ?"

"ఇంకా ఉంది. నిలుస్తుందా లేదా ఈ వారం గడిస్తేగాని చెప్పలేం."

ఆ తర్వాత నేను కళ్ళు మూసుకున్నాను. ఇరవై మూడో కీర్తన మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడ ఉన్నానో మర్చిపోయి, మళ్ళీ మొదటి నుంచి చెప్పుకున్నాను.

జూలై, వార్డు

మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పని మాత్రం అంతా చేశారు. బెడ్‌పాన్ తీశారు, తల దువ్వారు, ఇడ్లీ తినిపించారు. ఆయన నోట్లోంచి ఒక్క మాట రాలేదు. అది నొప్పి కంటే కష్టంగా ఉండేది. సామ్రాజ్యం అని వార్డులో ఆయమ్మ ఉండేది. ఒకరోజు నా కాలి కింద చీర చుట్టి దిండులా పెడుతూ ఆయన వినేలాగానే అంది, "ఆడమనిషి చీము పెట్టుకుని పడుంటే మాట్టాడకపోటం ఏం మొగతనమయ్యా?" ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. నాకు నవ్వొచ్చింది. ఆ వారంలో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఐదో రోజు తెల్లవారుతుండగా మళ్ళీ జ్వరం వచ్చింది. పెద్ద డాక్టరుగారు కట్టు విప్పి చూసి పెదవి విరిచారు.

"మళ్ళీ కడగాలి. ఈసారి కూడా లొంగకపోతే పూర్తిగా తెరవాల్సి ఉంటుంది. కీలు బిగుసుకుపోవచ్చు. కాలు ఇక మడతపడకపోవచ్చు. రక్తంలోకి పాకకుండా చూడటం ముందు ముఖ్యం."

కాలు కర్రలా చాపుకుని బస్సులో, చర్చిలో, స్టాఫ్ రూములో కూర్చోవడం ఊహించుకున్నాను. 'రక్తంలోకి' అన్న మాట మా ఆయన కూడా విన్నారు. మంచం కమ్మీ పట్టుకున్నారు.

ఆ పొద్దునే బావగారు వచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, మా తోడికోడలు రత్నమ్మక్క పంపిన ఇడ్లీల డబ్బా. గుమ్మంలో నిలబడి వార్డంతా చూశారు. పక్క మంచాలవాళ్ళ సెలైన్ సీసాలు కూడా చూశారు. అప్పుడు నా దగ్గరికి వచ్చారు.

"ఎట్టా ఉందమ్మా?"

"మళ్ళీ జ్వరం వచ్చింది బావగారూ. ఇవాళ మళ్ళీ కడుగుతారంట."

ఆయన మంచం చివర తగిలించిన షీటు తీసి చదివారు. 

"సూది వల్లేనని అన్నారా?"

"అన్నారండి."

"కొత్త సిరంజే వాడా. కవరు నీ ముందే చించా."

"అవునండి. తుడిచాక చోటు చూసుకోవడానికి మళ్ళీ వేలు పెట్టారు. నేను చూశాను."

"సునీతా!" అన్నారు మా ఆయన. ఐదు రోజుల్లో ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"చూసి ఊరుకున్నాను. అది నా తప్పు. మీ ఒక్కరిదే అనట్లేదు బావగారూ."

బావగారు షీటు తగిలించారు. "ముప్పై ఏళ్ళ నుంచి వేస్తన్నానమ్మా. ఒక్కళ్ళకి ఏం కాలేదు" అన్నారు. గొంతులో కోపం లేదు. నన్ను ఒప్పుకోమని అడుగుతున్నట్టుంది.

"కాలేదో, అయితే మీకు చెప్పలేదో ఎవరికి తెలుసు? నేను కూడా చెప్పకూడదనే ఇక్కడికి వచ్చాను."

 బావగారు డబ్బా స్టూలు మీద పెట్టి వెనక్కి తిరిగారు. మా ఆయన వెంట వెళ్ళబోతే చేత్తో వద్దన్నారు. కారిడార్ చివర దాకా ఆయన చెప్పుల చప్పుడు వినబడింది.  మా పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన ముందు నేను కూర్చుని మాట్లాడిందే తక్కువ.

ఆ సాయంత్రం రెండోసారి కడిగారు. ఈసారి తెర చూడనన్నాను.

జ్వరం వెంటనే దిగలేదు. రోజూ పొద్దున నర్సు థర్మామీటరు తీసి వెలుతురు వైపు తిప్పి చూసేటప్పుడు మేం ముగ్గురం ఆమె మొహమే చూసేవాళ్ళం. మూడో రోజు ఆమె "నార్మల్" అంది. జెస్సీ "ఇంకోసారి చూడరా అక్కా" అని బతిమాలింది. ఇంకోసారి చూసింది. నార్మలే.

ఆగస్టు, సెప్టెంబరు

ఆగస్టు రెండో వారంలో ఇంటికి వచ్చాను. కాలు బతికింది. మోకాలు మాత్రం తుప్పు పట్టిన తలుపు బందులా ఉంది. శిరీష అనే ఫిజియోథెరపిస్టు రోజు విడిచి రోజు వచ్చేది. నలభై దాటిన మనిషి, మాటలు తక్కువ. నా మడమ పట్టుకుని వెనక్కి నెట్టేది. నేను అరిచేదాన్ని. నా అరుపుకి పక్కింటివాళ్ళు ఒకసారి తలుపు కొట్టారు. "అరవండి, కాలు మాత్రం లాక్కోవద్దు" అనేది శిరీష. ఆమె రాని రోజుల్లో మా ఆయన నెట్టేవారు. నేను ఏడిస్తే ఆపేసేవారు. "ఆపకండి" అని ఏడుస్తూనే తిట్టేదాన్ని.

ఒక పొద్దున అలా నెడుతూ, తల వంచుకునే అన్నారు.

"ఆ రోజు ఆటోలో నేను ముందు అన్నయ్య గురించే ఆలోచించాను. నీ కాలు గురించి కాదు."

"తెలుసు."

"నువ్వు కూడా నా మాట విని ఊరుకుని ఉంటే..."

"ఇంకొంచెం నొక్కండి" అన్నాను. అంతకుమించి ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని నొక్కారు. ఆ రోజు మడమ మంచానికి ఇంకో బెత్తెడు దగ్గరైంది.

సెప్టెంబరులో రత్నమ్మక్క ఫోన్ చేసింది. మొదట నా ఆరోగ్యం అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మీ బావగారికి ఏమైందో తెలవటంలేదే. పాత పుస్తకాలన్నీ తీసి, ఎవరెవరికి మోకాళ్ళకి సూదులేశారో పేర్లు రాసుకున్నారు. స్కూటరేసుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నారు. 'ఆ తర్వాత ఎట్టా ఉంది' అని అడుగుతున్నారంట."

"ఏమంటున్నారక్కా వాళ్ళు?"

"చానామంది బాగానే ఉందన్నారంట. సుబ్బయ్యని చేపల చెరువు కాపలా ఉంటాడు చూడు, ఆయన కాలు నాలుగేళ్ళ నుంచి మడతపట్టంలేదంట. మీ బావగారు సూదేసిన కాలే. 'నాకెందుకు చెప్పలేదయ్యా' అంటే, 'మీరు అడగలేదుగా' అన్నాడంట. ఆ రోజు వచ్చి అన్నం తినలేదు. బల్ల తీయించి దొడ్లో పడేశారు."

 నా మాట ఆయన్ని అన్ని గుమ్మాలు తిప్పుతుందని నేను అనుకోలేదు. సంతోషం కలగలేదు. ఆ పెద్దమనిషి ఎండలో స్కూటరు మీద ఒక్కో ఇంటి ముందు ఆగడం కళ్ళ ముందు కనబడి బాధేసింది.

అక్టోబరు

కాలేజీలో చేరాను. నా క్లాసులు కింది అంతస్తుకి మార్చారు. ఫిజిక్స్ చెప్పే శేషగిరి గారు తన గది నాకిచ్చి, తనే మూడో అంతస్తుకి వెళ్ళారట. నాతో ఒక్క మాట చెప్పలేదు, అటెండరు చెబితే తెలిసింది. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడం మొదట సిగ్గుగా ఉండేది. పిల్లలు పట్టించుకోలేదు.

ఎక్స్‌రేలో మోకాలి లోపలి పక్క సందు బాగా తగ్గింది. అక్కడ కార్టిలేజ్ పోయినట్టే. బయటి పక్క నిలిచింది. "ఎన్నాళ్ళు లాక్కొస్తుందో చెప్పలేను. ఎప్పటికైనా మార్పిడి చెయ్యాల్సి రావచ్చు. మీరు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చారు, ఇంకో రెండు రోజులైతే ఈ మాత్రం కూడా ఉండేది కాదు" అన్నారు పెద్ద డాక్టరుగారు. డాక్టర్ నస్రీన్ కారిడార్‌లో ఎదురైతే చేతులు పట్టుకున్నాను. ఆమె సిగ్గుపడి, "వ్యాయామం మానకండి మేడమ్" అని వెళ్ళిపోయింది.

చర్చిలో ఇప్పుడు మోకరించలేను. అందరూ మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నేను కూర్చునే తల వంచుకుంటాను.

డిసెంబరు

రెండో శనివారం, సెలవు. కోతలు అయిపోయి ఊళ్ళల్లో కుప్పలు వేస్తున్న రోజులు. పొద్దున పదిగంటల వేళ తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సునీతమ్మగారాండీ? నా పేరు నాగమణండి. కంకిపాడు దగ్గర నుంచి."

"చెప్పండమ్మా."

"దేవదానంగారు నంబరిచ్చారండి. నాకు మోకాలు పొంగింది. ఆయన్ని సూదెయ్యమని వచ్చా. 'నేను సూదులు మానేశా, ఆ అమ్మకి ఫోన్ చెయ్యి, ఆమె ఏం చెబితే అది చెయ్యి' అంటన్నారు."

నా చేయి నాకు తెలియకుండానే మోకాలి మీదికి వెళ్ళింది.

"జ్వరం ఉందా అమ్మా?"

"నిన్నటి నుంచి ఒకటే వణుకండి."

"ఈమధ్య ఆ మోకాలిలో ఎక్కడైనా సూది వేయించుకున్నారా?"

 అవతల ఊపిరి తీస్తున్న చప్పుడు వినబడుతోంది.

"నాగమణిగారూ, ఎవరు వేశారో నాకొద్దు. ఆసుపత్రిలో కూడా ఆయన పేరు చెప్పక్కర్లేదు. వేశారా లేదా అన్నది మాత్రం దాచొద్దు. నేను ఆలస్యం చేశాను, పైగా దాచాను. అందుకే ఇవాళ కుంటుతున్నాను."

"...వేయించుకున్నానండి. నాలుగు రోజులైంది. వేరే ఊళ్ళో."

"అయితే ఇవాళే, ఇప్పుడే బయలుదేరాలి. రేపటిదాకా ఆగొద్దు. మాత్రలు ఏమైనా వేసుకుని ఉంటే ఆ పట్టీ తెచ్చుకోండి. సూర్యారావుపేట అని చెప్పండి ఆటో అతనికి. మీ వెంట ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరండి. మా ఆయన పొలంలో..."

ఆమె మాట పూర్తి కాకముందే ఫోన్‌లో దూరంగా ఒక గొంతు వినబడింది. జూలై తర్వాత నేను ఆ గొంతు వినలేదు.

"ఆటో వచ్చిందమ్మా, ఎక్కు. ఇందాక నువ్వు చూపించిన పట్టీ నా జేబులో ఉందిలే. నేనూ వస్తన్నా. కాలు అట్టా చాపుకో, జాగర్త."

ఫోన్ ఆగిపోయింది. మా ఆయన పేపరు మడిచి నా వైపు చూస్తున్నారు. నేను గోడ పట్టుకుని లేచి చెప్పుల కోసం వెతికాను.

"బండి తియ్యండి. మీ అన్నయ్య పేషెంటుని తీసుకుని ఆసుపత్రికి వస్తున్నారు. వాళ్ళు చేరేలోపు మనం అక్కడ ఉండాలి."